రంగు వేయని చామంతి

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూలై నెలలో, నన్ను మా కార్యాలయం ఫోటో విభాగానికి ఇన్‌చార్జిగా వేశారు. ఇన్‌చార్జి అంటే పెద్ద హోదా అనుకోకండి. ఆ విభాగంలో అప్పటికి మిగిలింది ఇద్దరమే. సీనియర్ ఫోటోగ్రాఫర్‌గా నేను, ఆర్టిస్ట్-రీటచర్‌గా సాలెహ్ భాయ్. నా మీద నేను, ఆయన మీద నేను. అంతే నా రాజ్యం.

మాది పూలమొక్కల రకాలు పెంచి, పరీక్షించి, రైతులకు నారూ అంట్లూ ఇచ్చే ప్రభుత్వ కార్యాలయం. పాతబస్తీలో ఒక పాత భవనంలో ఉండేది. నేను ఫలక్‌నుమా నుంచి బస్సులో, సాలెహ్ భాయ్ బార్కస్ నుంచి స్కూటర్ మీద వచ్చేవాళ్లం. కొత్త రకం ఏది పూసినా, ఊళ్ల నుంచి ఏ మొక్క తెచ్చి నాటినా దాన్ని ఫోటో తీసి రికార్డులో చేర్చడం మా పని. చాలా ఏళ్లు ఆ ఫోటోలు నలుపు తెలుపులోనే తీశాం. కలర్ ఫిల్మ్ కొన్నాళ్లకు వెలిసిపోతుంది, నలుపు తెలుపు నెగటివ్‌ను జాగ్రత్తగా పెడితే మనిషి కంటే ఎక్కువ కాలం ఉంటుంది. అందుకని మా స్టోర్‌రూమ్‌లో పెట్టెల కొద్దీ గులాబీలు, మల్లెలు, చామంతులు అన్నీ బూడిదరంగులోనే ఉండేవి.

రీటచర్ అంటే ఏం చేస్తాడో ఈ కాలం వాళ్లకు చెప్పాలి. నెగటివ్ మీద గీతలు పడితే, ప్రింటు మీద దుమ్ము చుక్కలు తేలితే, వెంట్రుకంత సన్నటి బ్రష్‌తో వాటిని కనబడకుండా చేసేవాడు రీటచర్. సాలెహ్ భాయ్ మా దగ్గర చేరకముందు ఒక స్టూడియోలో పెళ్లి ఫోటోలకు చేత్తో రంగులు వేసేవాడు. నలుపు తెలుపు ప్రింటు మీద పలచటి రంగునీళ్లతో పెళ్లికూతురి చీర ఎర్రగా, గాజులు పచ్చగా, బుగ్గలు కొంచెం గులాబీగా చేసేవాడు. డిజిటల్ కెమెరాలు వచ్చాక ఆ పనీ పోయింది, ఈ పనీ సగం పోయింది.

ఆ సగం పోవడమే ఆయన మెడకు చుట్టుకుంది. నేను ఇన్‌చార్జి అయిన వారానికే సూపరింటెండెంట్ నర్సింగ్‌రావు గారు మా గదికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే సంగతి చెప్పారు. సిబ్బంది సర్దుబాటు జరుగుతోంది, రీటచర్ పోస్టును మిగులు కింద లెక్కవేశారు, కొత్త సంవత్సరంలో ఉత్తర్వులు వస్తాయి. సాలెహ్ భాయ్‌ని దూరపు జిల్లాలో ఉన్న విత్తనాల గోదాముకు పంపుతారు.

"నా చేతుల ఏం లేదు సాలెహ్ భాయ్. పెద్ద మేడం ఈ మనిషి నాకు గావాలె అని నోట్ రాస్తే తప్ప ఇది ఆగది" అన్నారాయన.

సాలెహ్ భాయ్‌కి దూరం ఒక్కటే భయం కాదు. ఆయన చిన్న కూతురికి పుట్టుకతో చెవులు వినబడవు. నగరంలో అలాంటి పిల్లల బడిలో చదువుతోంది. తల్లిదండ్రులకు సైగల భాష నేర్పే తరగతికి ఇంట్లో నుంచి వెళ్లేది ఈయనే. తండ్రీ కూతుళ్లు చేతులతో గంటలు గంటలు కబుర్లు చెప్పుకునేవాళ్లు. బదిలీ అయితే ఆ పిల్ల బడి మానాలి, లేదా తండ్రి లేకుండా ఉండాలి. ఆయన ఆ విషయం ఎవరి ముందూ ఎత్తేవాడు కాదు. నాకు తెలుసు కాబట్టి నాకు నిద్ర పట్టేది కాదు.

పెద్ద మేడం అంటే జాయింట్ డైరెక్టర్ వసుంధర గారు. మొక్కల శాస్త్రంలో డాక్టరేటు, మాటలో కత్తిరింపు. డిసెంబరులో మా కార్యాలయంలో పూల ప్రదర్శన జరుగుతుంది. ఈసారి వరండాలో పాత రకాల ఫోటోలు పెద్దవి చేసి పెడదామని, అవి నలుపు తెలుపులో ఉంటే జనం ఆగరు కాబట్టి కంప్యూటర్లో రంగులు వేయించమని ఆ జూలైలోనే ఆమె నన్ను పిలిచి చెప్పారు.

నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండింది. వెలుగునీడల కోసం గంటలు నిలబడి తీసిన ఫోటోలవి. వాటికి రంగు పూయడమంటే నా ముందు నా ఫోటోలకు లిప్‌స్టిక్ పెట్టినట్టు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ అంతలోనే ఇంకో ఆలోచన తట్టింది. రంగు వేయడం వచ్చినవాడు ఈ భవనంలో ఒక్కడే ఉన్నాడు. "అలాగే మేడం, సాలెహ్ భాయ్ చేస్తారు" అన్నాను.

చిక్కేమిటంటే సాలెహ్ భాయ్‌కి కంప్యూటర్ రాదు. నాకు కంప్యూటర్ వచ్చు, రంగు రాదు.

పని ఇలా మొదలైంది. ముందు నెగటివ్‌ను స్కాన్ చేయాలి. పెద్దది చేసి చూస్తూ దుమ్ము చుక్కలు ఒక్కొక్కటే తుడవాలి. తర్వాత ఫోటో మీద కనబడని పొర ఒకటి వేస్తాం, దాన్ని లేయర్ అంటారు. ఆ పొరను సరైన పద్ధతిలో పెడితే మనం వేసింది రంగుగా మాత్రమే అంటుతుంది, కింద ఫోటోలోని వెలుగూ నీడా చెక్కుచెదరవు. ఇదంతా నేను పుస్తకం చూసి నేర్చుకుని, మొదటి గులాబీకి నేనే రంగు వేశాను. పువ్వు అంచు వెంబడి గీత గీసి, లోపల ఎరుపు నింపాను. ఆటోలో అద్దానికి వేలాడదీసే ప్లాస్టిక్ పువ్వు తయారైంది.

సాలెహ్ భాయ్ వెనక నిలబడి చూసి, గడ్డం గోక్కుని, "ఆపా, తలుపుకు కొట్టినట్టు కొట్టినవ్ పెయింట్" అన్నాడు. నన్ను ఆయన ఆపా, అంటే అక్కా, అనే పిలిచేవాడు.

"అయితే నువ్వే కూర్చో" అని లేచాను.

మౌస్ ఆయన చేతికి కుదరలేదు. సబ్బుతో బొమ్మ గీయమన్నట్టుంది అన్నాడు. పలక మీద పెన్నుతో గీస్తే తెర మీద పడే పరికరం ఒకటి అడిగి తెప్పించాను. ఆ పెన్ను చేతికి ఇవ్వగానే సాలెహ్ భాయ్ చేసిన మొదటి పని దాని కొనను నాలుక మీద పెట్టుకోవడం. చేత్తో రంగులు వేసేవాళ్లంతా బ్రష్ కొన సన్నగా రావడానికి పెదవుల మధ్య పెట్టి లాగుతారు. ప్రతి నాలుగు గీతలకూ ఒకసారి ఆ పెన్ను నోట్లోకి పోయేది.

"సాలెహ్ భాయ్, అది కరెంటు వస్తువు" అని కసురుకున్నాను.

"ఏం జేస్త ఆపా, ఆదత్. నాలికె మీద పెట్టకుంటే నా చెయ్యి నడవది" అన్నాడు.

చివరికి ఆ పెన్ను మీద నేను కసురుకోవడం మానేసి, రోజూ పొద్దున దాన్ని దూదితో తుడవడం మొదలుపెట్టాను. కంప్యూటర్లో చేసిన పనిని వెనక్కి తీసుకోవచ్చని తెలిసిన రోజున ఆయన సంబరం చెప్పనలవి కాదు. ఆ మీట ఎలా పనిచేస్తుందో చూద్దామని నొక్కుతూ నొక్కుతూ పొద్దుటి నుంచి చేసిన పనంతా వెనక్కి పంపేశాడు. తెర మీద బూడిదరంగు గులాబీ మిగిలింది. ఇద్దరం దాన్ని చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, చాయ్ తాగడానికి పోయాం.

నెల తిరిగేసరికి నాకు కనువిప్పు అయింది. ఎర్ర గులాబీలో నీడ ఉన్నచోట ముదురు ఎరుపు వేయకూడదట. కొంచెం నీలం కలవాలి. పసుపు పువ్వు నీడలో ఆకుపచ్చ జాడ ఉంటుంది. ఆకు పక్కనున్న రేకు మీద ఆకు రంగు కాస్త పడుతుంది. రంగు ఒక్కసారి వేయకూడదు, ఉందా లేదా అన్నంత పలచగా పొర మీద పొర వేయాలి. అంచు దగ్గర కత్తితో కోసినట్టు ఆగకూడదు, వెంట్రుకవాసి బయటికి జారాలి. నేను కష్టపడి గీసిన అంచు గీతలన్నీ ఆయన తీసేశాడు. "నీ కంప్యూటర్ బహుత్ సాఫ్‌గ జేస్తది ఆపా. పువ్వు గంత సాఫ్‌గ ఉండది" అన్నాడు. గులాబీ పూర్తయినప్పుడు చూస్తే, కింద నేను తీసిన వెలుగునీడలు అలాగే ఉన్నాయి, వాటిలోకి రక్తం పాకినట్టుంది. నా ఒళ్లుమంట ఆ రోజుతో చల్లారింది.

ప్రదర్శనకు ఎంచిన వాటిలో ఎక్కువ రకాలు మా నర్సరీలో ఇంకా పెరుగుతున్నవే. మొక్క దగ్గరికి పోయి, పువ్వు కోసుకొచ్చి, పక్కన పెట్టుకుని రంగు వేసేవాళ్లం. మేడం ఒకటి రెండు చూసి తల ఊపారు. ఆమె తల ఊపడం అంటే మాకు పండుగే. నర్సింగ్‌రావు గారు కూడా నోట్ సంగతి ఆమె చెవిన వేస్తానని మాటిచ్చారు.

ఇబ్బంది ఒక్క చామంతితో వచ్చింది. మట్టికుండీలో విరగబూసిన ఒక నాటు రకం. నేను ఉద్యోగంలో చేరకముందే ఏదో ఊరి నుంచి తెస్తే అప్పటి ఫోటోగ్రాఫర్ తీసింది, మొక్క మా నర్సరీలో చనిపోయింది. ఫోటో కవరు మీద స్థానిక రకం అని తప్ప రంగు సంగతి లేదు. ఫోటో మాత్రం అన్నింటిలోకీ గొప్పది. మేడం దాన్నే వరండా గుమ్మం ఎదురుగా అన్నింటికంటే పెద్దదిగా పెట్టమన్నారు.

చామంతుల కాలం రాగానే ఆఫీసు జీపులో ఇద్దరం పొద్దున్నే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయాం. గుట్టలు గుట్టలుగా పసుపు, తెలుపు, మెరూన్. మాకు కావలసిన రేకు తీరు, పువ్వు మధ్యలో ఆ చిన్న బొడ్డు, ఎక్కడా కనబడలేదు. తిరగ్గా తిరగ్గా ఒక గంపలో అచ్చం అదే పువ్వు, ముచ్చటైన ఊదారంగులో కనబడింది. సాలెహ్ భాయ్ గంప ముందు గొంతుక్కూర్చున్నాడు.

"గిది యాడికెల్లి వచ్చింది భాయ్?" అని అడిగాడు.

"స్పెషల్ మాల్ అన్నా. రోజు దొరకది. ఎంత గావాలె?" అన్నాడు అమ్మేవాడు.

ఆఫీసుకు వచ్చాక నేను నా శాస్త్రం అంతా వాడాను. ఆ పువ్వును నలగకుండా కాడ పట్టుకుని నిలబెట్టి ఫోటో తీసి, రంగు తీసేసి, పాత ఫోటో పక్కన పెట్టాను. పాత రేకు బూడిదరంగూ, కొత్త రేకు బూడిదరంగూ తేడా లేకుండా కలిసిపోయాయి. ఇంకేం కావాలి? ఇద్దరం పెద్ద పరిశోధన చేసినంత గర్వంగా ఒకరినొకరు మెచ్చుకున్నాం. ఒకే బూడిదరంగుకు పది రంగులు కారణం కావచ్చని, గులాబీ, కాషాయం, ఊదా అన్నీ నలుపు తెలుపులో ఒకేలా కనబడవచ్చని మా వృత్తిలో పసివాడికీ తెలుసు. చేతిలో పువ్వు ఉంటే ఆ తెలివి గుర్తుకురాదు. సాలెహ్ భాయ్ ఆ చామంతి మీద ప్రాణం పెట్టి పనిచేశాడు. ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించాం.

ప్రదర్శనకు ముందు వారం మేడం చూడడానికి మా గదికి వచ్చారు. వెనక నర్సింగ్‌రావు గారు. గులాబీలు చూసి బాగున్నాయన్నారు. చామంతి ముందు చాలాసేపు నిలబడ్డారు. "ఈ రంగు ఈ రకంలో నేనెప్పుడూ చూడలేదే" అన్నారు. నేను గొప్పగా, మార్కెట్ నుంచి ఆ ఉదయమే మళ్లీ తెచ్చి గ్లాసులో పెట్టిన పువ్వును అందించాను. ఆమె దాన్ని వేళ్లతో తిప్పి చూశారు, రేకులు విడదీశారు, వాసన చూశారు. తర్వాత తన చేతివంక చూసుకున్నారు.

వేళ్లు ఊదారంగులో ఉన్నాయి. ముక్కు కొన కూడా ఊదారంగులో ఉంది, అది ఆమెకు తెలియదు.

నర్సింగ్‌రావు గారు గోడ మీది క్యాలెండర్‌ను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు. ఇన్‌చార్జిని నేనే కదా, నేనే రుమాలు ఇచ్చి, "మేడం, ముక్కు మీద కూడా" అన్నాను. ఆమె తుడుచుకుని, రుమాలు చూసి, ఫక్కున నవ్వారు. తెల్ల చామంతికి ఎవరో రంగు చల్లి అమ్మారు. మేం దాన్ని చూసి పాత చామంతికి రంగు వేశాం.

నవ్వు ఆగాక ఆమె అన్న మాట మాత్రం నవ్వులాట కాదు. "ఇది మన కార్యాలయం పేరుతో గోడకెక్కితే రైతు వచ్చి ఈ ఊదా చామంతి నారు కావాలంటాడు. లేని పువ్వుకు నేను నారు ఎక్కణ్నుంచి తేను? రంగుల పని ఆపేయండి. అన్నీ నలుపు తెలుపులోనే పెట్టండి" అని వెళ్లిపోయారు. ఆమె వెనకే నర్సింగ్‌రావు గారు వెళ్తూ, ఇక నోట్ మాట ఎత్తలేనన్నట్టు నావైపు చేతులు తిప్పారు.

జూలైలో నేను కోరుకున్నది సరిగ్గా అదే. నా ఫోటోలు నాకు దక్కాయి. కానీ ఆ మధ్యాహ్నం నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. సాలెహ్ భాయ్ గ్లాసులోని పువ్వు తీసి వెలుగులో తిప్పి చూశాడు.

"మన బిరాదరీవాడే, రంగులేసేటోడే ఎవడో మనల్ని కొట్టిండు ఆపా. జూడు, ఒక్క రేకు మీద గూడ చుక్క కనవడ్తలేదు. మస్తు చెయ్యి వానిది" అని మెచ్చుకుని, దాన్ని మళ్లీ గ్లాసులో పెట్టాడు. ఇంటికి పోయి కూతురికి ఏం చెప్పాడో నేను అడగలేదు.

మర్నాడు నేను వచ్చేసరికి ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు, పెన్ను నోట్లో ఉంది. తెర మీద అదే చామంతి. ఆకులు పచ్చగా, కుండీ ఎర్రమట్టి రంగులో, మట్టి తడిగా ఉన్నాయి. పువ్వులు మాత్రం బూడిదరంగులోనే ఉన్నాయి.

"ఇదేంది సాలెహ్ భాయ్?" అన్నాను.

"ఆకు పచ్చగుంటదని నాకెరుక. కుండీ గూడ ఎరుకే. పువ్వు ఎట్లుండెనో నాకెరుక లేదు, నీకెరుక లేదు. ఎరుక లేనిది వెయ్య" అన్నాడు.

వేయకుండా వదిలేయడం సులువనుకుంటాం. కాదు. పచ్చటి ఆకుల మధ్య ఉత్త బూడిదరంగు పెడితే కన్ను దాన్ని గులాబీరంగుగా చూస్తుంది. అది కన్నుకున్న గుణం. ఏమీ వేయకపోయినా చూసేవాడు గులాబీరంగు చామంతి అనుకుని పోతాడు. ఆ మోసం కూడా జరగకూడదని సాలెహ్ భాయ్ ఆకుల పచ్చదనాన్ని పొర పొరగా తగ్గిస్తూ, లేచి దూరం పోయి చూస్తూ, మళ్లీ వచ్చి సరిచేస్తూ ఆ రోజంతా గడిపాడు. పూలు అచ్చంగా ఏ రంగూ లేకుండా కనబడేదాకా వదల్లేదు.

ఆ ప్రింటు పట్టుకుని నేను మేడం గదికి పోయాను. సాలెహ్ భాయ్ రానన్నాడు. నేను నియమం చెప్పాను. మన నర్సరీలో బతికి ఉన్న మొక్కను చూసి వేసిన రంగు ఉంచుదాం. ఆధారం లేని పువ్వును అలాగే వదిలేద్దాం. ఏది చూసి వేశామో, ఏది తెలియక వదిలామో ప్రతి ఫోటో కింద రాద్దాం. ఆమె ప్రింటును కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశారు. "ఇది అబద్ధం చెప్పడం లేదు" అన్నారు. గుమ్మం ఎదురుగా దాన్నే పెట్టమన్నారు.

ప్రదర్శన రోజున గులాబీల ముందు జనం ఆగారు, చూశారు, పోయారు. చామంతి ముందు మాత్రం గుంపు కదల్లేదు. పూలు పండించే ఇద్దరు రైతులు అక్కడే వాదనకు దిగారు.

"పసుపే గిది. మా నాయిన ఏసేటోడు" అని ఒకాయన.

"పసుపు యాడిది? లేత గులాబి. మా ఇంటెనక ఇంకా ఉన్నది, వచ్చి జూడు" అని ఇంకొకాయన.

చూస్తుండగానే మూడో ఆయన వచ్చి ఇద్దరూ తప్పన్నాడు. లొల్లి పెద్దదైంది. మేడం వాళ్ల మధ్య నిలబడి, ఎవరి దగ్గర ఏముందో తెచ్చి ఇమ్మని అడిగారు. తర్వాతి కాలానికి నాలుగు ఊళ్ల నుంచి నారు వచ్చింది. నాలుగూ నాలుగు రంగుల్లో పూశాయి. ఏ ఒక్కటీ మా ఫోటోలోదేనని తేల్చలేకపోయాం. నర్సరీకి మాత్రం పోయాయనుకున్న నాటు రకాలు నాలుగు దక్కాయి.

కొత్త సంవత్సరం మొదటి వారంలో నర్సింగ్‌రావు గారు మా గదికి వచ్చారు. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మేడం పైకి పంపిన నోట్‌లోని వాక్యం చదివి వినిపించారు. పాత ఫోటోల పని పూర్తయ్యేదాకా ఈ ఉద్యోగి ఇక్కడే అవసరమని, రంగు ఎక్కడ ఆపాలో తెలిసిన ఆర్టిస్టు మరొకరు ఈ కార్యాలయంలో లేరని రాశారామె. బదిలీ జాబితాలో సాలెహ్ భాయ్ పేరు తీసేశారు.

సాలెహ్ భాయ్ పెన్ను నోట్లోంచి తీసి, చొక్కాకు తుడిచి బల్ల మీద పెట్టాడు. రెండు చేతులూ లేపి గాలిలో ఏదో సైగ చేసి చూసుకున్నాడు. సాయంత్రం ఇంట్లో చెప్పాల్సిన మాటను సాధన చేస్తున్నాడని నాకు అర్థమైంది. తర్వాత నావైపు తిరిగాడు.

"ఇన్నేండ్లు రంగులేసి బతికిన ఆపా. వెయ్యనందుకు నౌకరి మిగిలింది" అన్నాడు.

ఆ తర్వాత నా సర్వీసు పూర్తయ్యేదాకా మా విభాగంలో ఆ నియమమే నడిచింది. ఇప్పుడు కూడా బంధువులు తాతముత్తాతల ఫోటోలు తెచ్చి రంగులు వేసిమ్మంటారు. ఆ చీర రంగు చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ముందు అడుగుతాను. ఉంటే, సాలెహ్ భాయ్ దగ్గర నేర్చుకున్నట్టు వేస్తాను. లేకపోతే చీరను వదిలేసి, చుట్టూ ఉన్న తెలిసినవాటికే వేస్తాను. కొందరు పని సగంలో ఆపానని అలుగుతారు. సగం కాదు, తెలిసినంత మేరకు పూర్తి చేశానని చెప్పి పంపిస్తాను.